తుప్పు రంగు పొద

ఎండిన మొక్క కనబడినచో పెరికి పొయ్యిలో పెట్టుట మనకు పుట్టినింటి నుండియు నలవాటు. అనంతపురపు గరుసునేలలో పెరిగిన మాకు అది మరింత యెక్కువ. 2025 సెప్టెంబరు మాసమున కాలిఫోర్నియాలోని మా తమ్ముని యింటికి పోయినపుడు, ఈ యలవాటే మాకును మా మరదలికిని వాగ్వాదమును తెచ్చిపెట్టినది.

వారి యూరు ఆల్టడీనా. అది లాస్ ఏంజెలెస్ నగరమునకు ఉత్తరమున, సాన్ గేబ్రియల్ పర్వతముల పాదమున నున్నది. వేసవిలో నచ్చట చినుకు రాలుట యరుదు. ఇంటి వెనుక గులకరాళ్ల వాలు, ఆ వాలునిండ మొలబంటి పొదలు. వాని పూగుత్తులన్నియు తుప్పు రంగున నెండి నిలిచియున్నవి. ఆ యేడు జనవరి 7వ తేదిని ఆ కొండలలో రేగిన కార్చిచ్చు 9,000కు పైగా కట్టడములను దహించి, 19 మంది ప్రాణములను గొన్నది. మా తమ్ముని యిల్లు మిగిలినది, ఎదురింటివారిది మిగులలేదు. ఇంత జరిగియు ఎండుపొదలను పెరటిలో నుంచుకొనుట యేమని మేము కొడవలి యడిగితిమి.

"వదినగారూ, అవి చావలేదు. విత్తు పట్టినవి," అని మరదలు మా చేయి పట్టి వాలు మీదికి తీసికొనిపోయినది.

ఆ పొద పేరు కాలిఫోర్నియా బక్‌వీట్. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎరియోగోనమ్ ఫాసిక్యులేటమ్. నోరు తిరుగక మేము దానిని మూడు మారులు వ్రాసికొనవలసి వచ్చినది. ఇంగ్లీషు పేరులో గోధుమ యున్నను ఇది గోధుమ కాదు. ఉత్తరదేశమున ఉపవాసదినములందు తిను కుట్టుపిండి గింజకు దూరపు చుట్టము. మన చుక్కకూరయు నా కుటుంబములోనిదే యట! చుక్కకూర మెత్తదన మెక్కడ, ఈ పొద కరకుదన మెక్కడ యని మేము నమ్మలేదు.

ఆకులు సన్నని సూదులవలె గుత్తులు గుత్తులుగా నుండును. అంచులు లోనికి ముడుచుకొని, అడుగున తెల్లని నూగు కలిగి, ఉన్న కొలది తడిని కాపాడుకొనును. వేసవిలో తెల్లగను, లేత గులాబివన్నెగను పూచినపుడు తేనెటీగలు వదలవట. ఆ దేశమున తేనెకు పేరుపడిన మొక్కలలో నిది యొకటి. కాలిన కొండపై వాన కురిసినచో మట్టి జారి యిండ్లమీద పడును. అందుచే బాటల ప్రక్క వాలులలో మట్టి జారకుండుటకు ఈ పొదనే నాటుదురు.

మా భయమును వట్టిది కాదు. గోడ నంటియున్న రెండు పొదలను మరదలే యదివరకు కొట్టించినది. దూరముననున్న వానిని మాత్రము ముట్టనీయదు.

ఎదురింటామె మరల ఇల్లు కట్టుకొనుచున్నది. ఆమె పెరటి వాలున చల్లుటకు విత్తు కావలెనని, మరదలు మా యొడిలో ఎండుగుత్తులు పోసినది. నలుపగా ఆవగింజంత గింజలు రాలినవి. మూడంచులు! చుక్కకూర విత్తును వలెనే యున్నది. చుట్టరికము మా కప్పుడు నమ్మకమైనది. దీపములు పెట్టువేళ వరకు నలిపి, కాగితపు సంచి నింపితిమి.