కరెంటు పోయినా పాట పోకుండా

మా వెనకగదిని మావాడు స్టూడియో అంటాడు. నిజానికది పూర్వం బియ్యం బస్తాలు వేసుకున్న కొట్టుగది. యిప్పుడందులో కంప్యూటరు, మైకు, మైకులోని గొంతును కంప్యూటరుకు అందించే చిన్న పెట్టె, రెండు స్పీకర్లు వున్నాయి. గోడలకు పాత బొంతలు వేలాడగట్టాం.

వాడి సంగీతం మాటెలా వున్నా, ఆ గదితో నాకూ పని పడింది. మా అమ్మకు డెబ్బయ్యెనిమిదేళ్లు. యిచ్ఛాపురంలో వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చిన మంగళహారతులు, పెళ్లిపాటలు ఆవిడ నోట వున్నాయి గాని మా యింట్లో మరెవరికీ రావు. బరంపురంలో పుట్టి ఒడియా బడిలో చదివిన మా పిల్లలకు అసలే రావు. అంచేత పోయిన వేసవిలో పట్టివుంచడం మొదలుపెట్టాం.

ఒక ఆదివారం ఆవిడ నేనెన్నడూ వినని అప్పగింతల పాట యెత్తుకుంది. మూడో చరణంలో వుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు.

"మళ్లీ పాడవే అమ్మా" అన్నాను.

"యేదిరా నాయనా, యిందాకే వచ్చింది, వెళ్లిపోయింది" అంది. రెండు చరణాలు చెప్పింది. మూడోది రాలేదు.

మర్నాడే ఆఫీసు నుంచి తిన్నగా యూపీయస్ కొనడానికి వెళ్లాను. దుకాణదారు 600 వీఏ పెట్టె చూపించి, చవక, పట్టుకుపొమ్మన్నాడు. వెనక చిన్న అక్షరాల్లో 360 వాట్లని వుంది. మన జీతం లాంటిదే: కాగితం మీద ఒకటి, కోతలు పోగా చేతికొచ్చేది మరొకటి. కొనకుండా యింటికొచ్చి, గుమాస్తాను గదా, పద్దు రాశాను. కంప్యూటరుకు 150 వాట్లు, తెరకు 25, చిన్న పెట్టెకు 10, స్పీకర్లకు 40. స్పీకర్లు కొట్టేయమన్నాడు మావాడు. మైకు ముందు పాడుతున్నప్పుడు అవెలాగూ కట్టేసే వుంటాయట. మిగిలింది 185.

ఆ లెక్కకు చవక పెట్టె చాలును. కాని బ్యాటరీ మీద అది యిచ్చేది మెట్లు మెట్లుగా వుండే కరెంటు. దానితో ట్రాన్స్‌ఫార్మరున్న సామాను కొన్నిటికి గుయ్యిమనే రొద వస్తుంది, కొన్ని కంప్యూటర్లు అలుగుతాయి కూడాను. యింట్లో వచ్చే కరెంటులాగా నున్నటి అల యిచ్చేదాన్ని సైన్ వేవంటారు. ఆన్‌లైన్ రకమైతే రెప్పపాటు విరామం కూడా వుండదు. ధర యెక్కువ, పైగా లోపల ఫ్యాను తిరుగుతూనే వుంటుంది. పాటకంటే ఫ్యానే బాగా వినబడుతుంది! లైన్ ఇంటరాక్టివ్ రకం మారడానికి సెకనులో నూరోవంతుకు మించి పట్టదు. అంతమాత్రం కంప్యూటరు ఓర్చుకుంటుంది. వోల్టేజి పడిపోతే బ్యాటరీ ముట్టకుండానే సర్దుతుంది. చివరకు ఆ రకంలోనే సైన్ వేవు యిచ్చే 1000 వీఏది కొన్నాను. నా భార్య ధర అడిగితే సగమే చెప్పాను.

దానిలో 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లవి రెండు బ్యాటరీలు. అంటే 168 వాట్ అవర్లు. కాగితం మీద 54 నిమిషాలు రావాలి. గడియారం పెట్టి చూస్తే 33 వచ్చాయి. తొందరగా తోడితే బ్యాటరీ తక్కువ యిస్తుంది, మార్పిడిలో కొంత పోతుంది. పాట ముగించి భద్రపరచడానికి అది ధారాళం. 2013 అక్టోబరు ఫైలిన్ తుఫానులాంటిదొస్తే యే పెట్టే ఆదుకోదనుకోండి. వేడికి బ్యాటరీ త్వరగా చెడుతుంది గనుక దాన్ని వంటింటి గోడవైపు నుంచి జరిపాను.

కరెంటు పోగానే అది కీచుమని అరుస్తుందని మాత్రం ముందు తట్టలేదు. మొదటిసారి హారతి మధ్యలో ఆ కూత చక్కగా రికార్డయింది. నోరు మూయించే మీట వుందని తర్వాత తెలిసింది.

మొన్న మళ్లీ దీపాలారిపోయాయి. అమ్మ చటుక్కున ఆగింది. తెర వెలుగుతూనే వుంది.

"పాడవే, యీసారి పోదు" అన్నాను. చీకట్లోనే పాడింది.

అప్పగింతల పాటకు మూడో చరణం యింకా రాలేదు. నోటుపుస్తకంలో నాలుగు గీతలు ఖాళీగా వుంచాను. సాయంత్రం దీపం పెట్టాక ఆవిడ వచ్చి కూర్చుంటే మైకు తిప్పి పెడుతున్నాం.