బండిలోని యినుపపెట్టె



ఈ పత్రికలో మనము ప్రతిమాసమును ఊరగాయలను గూర్చియు, పసిబిడ్డల పోషణమును గూర్చియు, కుట్టుపనులను గూర్చియు చదువుచున్నాము. నేనును అట్టిదే యేదైన వ్రాయవలెనని కూర్చుంటిని. కాని గత మాసమున మా అమ్మాయి అమెరికానుండి ఫోను చేసి నన్నొక ప్రశ్న యడిగినది. దానికి జవాబు చెప్పుటకు నాకు గంటసేపు పట్టినది. ఆనాటినుండి మనస్సు వేరొక విషయముమీదికి పోక, ఆ జవాబునే యిచ్చట వ్రాయుచున్నాను.

"అమ్మా, నాయిన జీపుల తుపాకి ఎట్ల పెట్టెటోడు?" అని అది యడిగినది.

అల్లుడు టెక్సాసు రాష్ట్రమున డల్లాసు దగ్గర ఒక దుకాణములో అర్ధరాత్రివరకు పనిచేయును. నలుగురి మాట విని ఒక పిస్తోలు కొనినాడట. దానిని కారులో, ముందరి సీటున కెదురుగా కాగితములు పెట్టుకొను చిన్న అరలో నుంచినాడట. ఆ కారులోనే ఆరేండ్ల మనుమడు బడికి పోవును. మిఠాయి కొరకు ఆ అరను తెరచు నలవాటు వానికి గలదు.

ఇక మా సంగతి. మాది నిజామాబాదు జిల్లాలోని మోస్రా. నిజాంసాగరు కాలువ నీటితో వరియు చెరకును పండెడు నేల. బోధనులోని శక్కర్‌నగరు కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది గాని, అంతకు పూర్వము దాని గానుగ సాగెడి నెలలే మా కొక సంవత్సరము. పెండ్లిళ్లు, అప్పులు, బంగారము అన్నియు ఆ గానుగను బట్టియే నడచెడివి. మావారు చెరకుకోతకు కూలీలను పిలిపించి, ముఠాలను నడపెడి పని చేసెడివారు. వారమున కొకసారి బోధను బ్యాంకునుండి డబ్బు సంచిలో తెచ్చి, తోటలయందే కూలీలకు పంచవలెను. చీకటిపడిన పిమ్మట కాలువగట్టున ఒంటరిగా జీపులో వచ్చుట. అందరికిని వారము తెలియును, త్రోవ తెలియును.

అందుచేత 1997లో కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టి, పోలీసు విచారణ ముగిసిన పిదప, లైసెన్సు పొంది ఒక రివాల్వరు కొనిరి. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారమున తయారైన .32 రకము, ఆరు గుండ్లు పట్టును. ఇంటికి తెచ్చిననాడు నేను దానికి పసుపు కుంకుమలు పెట్టబోగా మావారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ రోజులలో తెలంగాణ పల్లెలయందు నక్సలైట్లు లైసెన్సు తుపాకులున్న ఇండ్లను వెదకి వచ్చి వానిని పట్టుకొనిపోవుచుండిరి. దొంగనుండి కాపాడుటకు తెచ్చిన వస్తువు కొరకే దొంగ వచ్చునేమో యని నా భయము.

మొదట కొన్ని దినములు మావారు దానిని తోలుసంచిలో నడుమునకు కట్టుకొనిరి. జీపు నడపుటకు కూర్చున్నప్పుడు అది ప్రక్కన గ్రుచ్చుకొనుచుండెను. తరువాత జీపు ముందరి అరలో పెట్టిరి. అది గతుకులకు చప్పుడగుచున్నదని పాత తువాలులో చుట్టి సీటు క్రిందికి చేర్చిరి. చూడుడు, వస్తువు ఎట్లు జారుచు పోయినదో! నడుమునుండి అరకు, అరనుండి సీటు క్రిందికి. సీటు క్రిందనుండి మరపులోనికి.

2001 సంవత్సరమున సంక్రాంతి వెళ్లిన వారమున జీపు పాడైనది. డ్రైవరు దానిని బోధనులో ఒక షెడ్డుకు తోలుకొనిపోయి అప్పగించి బస్సులో తిరిగివచ్చినాడు. నాటి సాయంకాలము దీపాలవేళకు షెడ్డు యజమాని స్కూటరుమీద మా యింటికి వచ్చి, వాకిటిలోనే నిలబడి, "పటేలా, మీ సామాను మా తాన ఉన్నది, జెర రాండ్రి" అని మెల్లగా ననినాడు. మావారి ముఖము తెల్లబోయినది. నేనును బయలుదేరితిని. వలదనిరి, వినలేదు.

షెడ్డులో పనికి కుదిరిన పండ్రెండేండ్ల బాలుడొకడు సీటు విప్పుచు తువాలు మూటను చూచినాడట. మధ్యాహ్నమంతయు అది వాని యొద్దనే యున్నది. గోడ చాటున దానితో ఆడుకొన్నాడట. మేము పోవునప్పటికి ఆ బాలుడు టైర్ల గుట్టపై ముడుచుకొని కూర్చుండెను. చేతులనిండ గ్రీజు. మా అబ్బాయి యీడువాడే.

"నన్ను కొడ్తరా అమ్మా? బొమ్మ అనుకున్న" అనినాడు.

"మీట నొక్కితివా బిడ్డా?" యని యడిగితిని.

"నొక్కిన. గట్టిగున్నది, వంగలే."

మావారు దానిని విప్పి చూచిరి. ఆరు గుండ్లును ఆరు గూళ్లలో నున్నవి. ఆ మీట బిగువు తప్ప ఆ బిడ్డకును, వాని తల్లికిని, మాకును నడుమ ఏ అడ్డమును లేకపోయెను. తిరుగు దారిలో మే మిద్దరము ఒక్క మాటయైన ఆడుకొనలేదు. ఆ మరుసటి దినమున నేను ఆ తల్లిని వెదకి పోయి ఒక చీర ఇచ్చి వచ్చితిని. ఎందుకిచ్చితినో ఆమెకు చెప్పలేకపోతిని. ఆమెయు అడుగలేదు. ఆ పిరికితనము నాకు నేటికిని బాధగానే యున్నది.

ఆ రాత్రి మావారితో, "తుపాకి మీది, తాళపుచెవి నాది. అట్లు కాకున్న నేను పిల్లలను తీసికొని మా తల్లిగారింటికి పోయెదను" అంటిని. ఇన్నేండ్ల కాపురమున నేనా మాట యనుట అదియే మొదలు, అదియే తుది.

వెల్డింగు పనివానిని పిలిపించి, దళసరి రేకుతో చిన్న పెట్టె చేయించితిమి. దానిని జీపు వెనుక భాగమున నేలరేకునకు బోల్టులతో బిగించితిమి. ఆ బోల్టుల తలలు జీపు అడుగునకు, నట్టులు పెట్టె లోపలికి వచ్చునట్లు చూచితిమి. పెట్టె తెరచినగాని నట్టు విప్పరాదు. అది పైకి కనబడకుండ పాత గోనె కప్పితిమి. కాని పెట్టె చేయించుటతో పని తీరలేదు. మావారు పెట్టె తాళపుచెవిని జీపు తాళపుచెవితోనే ఒక గుత్తికి కట్టిరి! అక్కలారా, బండి తాళము డ్రైవరు చేతికి పోవును, కడుగువాని చేతికి పోవును, మేస్త్రీ చేతికి పోవును. దానితో పెట్టె తాళము కూడ పోయిన పెట్టె యెందుకు? నేను దానిని విడదీసి వారి మొలత్రాటికి కట్టితిని. రెండవ చెవి నా గుత్తిలోనికి, బియ్యపు కొట్టు తాళము ప్రక్కకు చేరినది.

ఇంకొకటియు నేర్చుకొంటిని. బండి ప్రయాణమునకే గాని నిలువకు తగిన చోటు కాదు. బండిని ఎవరైనను తోలుకొనిపోవచ్చును; అప్పుడు పెట్టెయు పోవును. రాత్రియంతయు చలికి తేమకు ఇనుము తుప్పుపట్టును, గుండ్లు చెడును. కాబట్టి మావారు ఇల్లు చేరగానే పెట్టె తెరచి, గుండ్లు తీసి పళ్లెములో పోసెడివారు. నేను లెక్కించుచుంటిని. ఆరు. అయిదే యున్ననాడు అన్నము వడ్డింపనని చెప్పియుంటిని. ఒకనాడు నిజముగనే అయిదే కనబడినవి. ఆరవది గూటిలోనే ఇరుక్కొని యుండెను. ఖాళీ యనుకొనుచున్న తుపాకియే ఇండ్లలో ప్రమాదము చేయునని ఊరక అనలేదు. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకొనుచుండిన మన తెలంగాణ యువకుడొకడు తన తుపాకిని శుభ్రపరచుచుండగా అది పేలి మరణించినాడని పత్రికలలో చదివినప్పుడు నాకు ఆ పళ్లెమే జ్ఞప్తికి వచ్చినది. లెక్క అయిన పిదప తుపాకి గోడలోనికి బిగించిన బీరువాలో ఒక అరకు, గుండ్లు వేరొక అరకు పోయెడివి.

మావారికి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఆపద వచ్చినప్పుడు దొంగను ఆగుమని చెప్పి తాళం తీయాల్నా?" అనెడివారు. ఆ మాటలో సత్యము లేదని నేననలేను. ఏలయన, 2004లో ఒక రాత్రి కాలువగట్టున ముగ్గురు మనుష్యులు త్రోవకు అడ్డముగ రాళ్లు పెట్టి జీపు నాపి, వారపు కూలి డబ్బంతయు తీసికొనిపోయిరి. తుపాకి వెనుక పెట్టెలో నుండెను. తాళపుచెవి మొలత్రాటికి నుండెను. వా రిద్దరిని చేర్చుటకు సమయము లేకపోయెను. భుజమునకు ఒక దెబ్బ తప్ప మరేమియు కాలేదు గాని, మావారు పదునైదు దినములు నాతో సరిగా మాటలాడలేదు. ఆ కూలి డబ్బు తిరిగి సమకూర్చుటకు నా గాజులు తాకట్టుకు పోయినవి. పెట్టె లేకున్న ఆ రాత్రి ఏమి జరిగియుండెడిదో! డబ్బు దక్కియుండెడిదో, ముగ్గురెదుట ఒక్కడు తుపాకి తీసి ప్రాణమే పోగొట్టుకొనియుండెడివాడో, నాకు నేటికిని తెలియదు. తెలిసినది ఆ టైర్ల గుట్టపై కూర్చున్న బాలుని ముఖము. గాజులు విడిపించుకొంటిని.

చట్టము సంగతి కూడ కొంచెము చెప్పెదను. మన ఆడవారికి దీనిని ఎవరును చెప్పరు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు మనిషికే గాని ఇంటికి గాదు, బండికి గాదు. లైసెన్సుదారు దగ్గర లేకుండ, మరమ్మతుకో లైసెన్సు పునరుద్ధరణకో ఆయన వ్రాసి యిచ్చిన అనుమతి లేకుండ, డ్రైవరు బండిలో తుపాకి తిరుగుచున్నచో ఆ డ్రైవరే నేరస్థుడగును. పాపము, మా డ్రైవరునకు ఆనాడు సీటు క్రింద నేమున్నదో కూడ తెలియదు. 2016 నాటి నియమావళి, బహిరంగ స్థలమున చేతితుపాకిని ఒంటికి తగిలించిన తోలుసంచిలోనో అట్టి మరొక సంచిలోనో పూర్తిగా కప్పి, తన అదుపులో నుంచుకొనవలెనని చెప్పుచున్నది. 2019 సవరణతో పెండ్లి ఊరేగింపులలో వేడుకకు కాల్చినను రెండేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. ఎన్నికలు వచ్చినపుడు లైసెన్సు తుపాకులను పోలీసుస్టేషనులో అప్పగింపవలెనని ఉత్తరువులు వచ్చెడివి. ఆ నెలలలో నాకు నిద్ర బాగుగ పట్టెడిది. ఎన్నిక లెప్పు డెప్పుడా యని ఎదురుచూచిన ఓటరును నేనొక్కదాననే యేమో!

2013లో మావారు కాలము చేసిరి. పదునొకండవ దినము కాకమునుపే మా మరిది, "ఇంట్ల ఉండనియ్యి వదినా, అన్న గుర్తు" అనినాడు. మంచి మనస్సుతోనే అనినాడు. కాని లైసెన్సుదారుడు పోగానే ఆ యింట తుపాకి నుంచుటకు అధికారము పోవును. ఆలస్యము చేయక పోలీసుస్టేషనులో గాని లైసెన్సు గల వ్యాపారి యొద్ద గాని దాఖలు చేయవలెను. వారసులు కావలెనన్న తమ పేర లైసెన్సు కోరుకొని, అది వచ్చిన పిమ్మటనే తీసికొనవలెను. తెలియక బీరువాలో నుంచుకొనిన విధవరాలు కూడ చట్టము ముందు దోషియే. నేను లైసెన్సు పుస్తకమును, తుపాకిని, లెక్కపెట్టిన గుండ్లను తీసికొనిపోయి అప్పగించి రసీదు పుచ్చుకొంటిని. గుర్తునకు నాకు మావారి చేతిగడియారము చాలును.

ఇదంతయు అమ్మాయికి చెప్పితిని. అది అక్కడి సంగతులు చెప్పినది. టెక్సాసులో 2007నుండియే సొంత కారులో చేతితుపాకిని కనబడకుండ ఉంచుకొనవచ్చునట. 2021 చట్టముతో పెద్దవారు చాలమంది లైసెన్సు లేకయే ధరింపవచ్చునట. అయినను పదునేడేండ్లలోపు పిల్లలకు గుండ్లున్న తుపాకి అందునట్లు విడిచిన పెద్దలది అక్కడను నేరమే. కాలిఫోర్నియాలో 2015 సంవత్సరమున ఒక ప్రభుత్వోద్యోగి బండినుండి దొంగిలింపబడిన పిస్తోలు నాలుగు దినములలో శాన్‌ఫ్రాన్సిస్కో రేవున నడచుచున్న ఒక యువతి ప్రాణము తీసినది. ఆ రాష్ట్రమున 2017నుండి, మనుష్యులు లేని బండిలో చేతితుపాకి నుంచినచో తాళము వేసిన పెట్టెలో గాని డిక్కీలో గాని కనబడకుండ నుంచవలెను. కొలరాడోలో 2025నుండి గట్టి పెట్టెయు, దానికి తాళమును, బండికి తాళమును ఉండవలెను. మా మోస్రా వెల్డింగు పనివానికి ఈ చట్టములు తెలియవు గాని వాని పెట్టె వాటికి సరిపోయెడిది.

వారము దినములకు అమ్మాయి మరల ఫోను చేసినది. అల్లుడు ఉక్కుపెట్టె కొనినాడట. దానిని సీటు క్రింది ఇనుపచట్రమునకు తీగత్రాటితో బంధించినాడట. రాత్రి పిస్తోలును ఇంటిలోనికి తెచ్చి వేరొక పెట్టెలో నుంచునట. తాళపుచెవి లేదు, అంకెల తాళము.

"అంకె లేమి పెట్టితిరి?" అంటిని.

"చిన్నోని పుట్టిన తారీకు, అమ్మా. మరువకుంట ఉంటదని."

"వానికి ఆ తారీకు తెలియదా?"

అటువైపున మాట ఆగినది. పిదప, "వానికి తెలిసిన నెంబరు గదే నాలుగంకెలు, అమ్మా" అనినది.

మరునాడు అంకెలు మార్చితిమని చెప్పినది. ఏమని మార్చిరో నాకు చెప్పలేదు, నేను అడుగలేదు.