ఐదు రేకుల లెక్క

ఒకటో తరగతి పిల్లల చేతికి కాగితమిచ్చి పువ్వు గీయమంటే, ఏ ఊరి బడిలోనైనా దాదాపు ఒకే పువ్వు వస్తుంది. నడుమ గుండ్రం, చుట్టూ రేకులు, కింద నిటారుగా కాడ, దానికి అటొకటి ఇటొకటి ఆకులు. రేకులు ఎరుపు, కాడ పచ్చ. అది ఏ పువ్వని అడిగితే పిల్లలు వింతగా చూస్తారు. పువ్వంటే పువ్వే. పెరట్లో మందారం, కంచె మీద శంఖుపువ్వు, బడికెళ్లే దారిలో తంగేడు, ఉమ్మెత్త రోజూ కళ్లబడుతూనే ఉంటాయి. కానీ కాగితం మీదికి రావు. కాగితం మీద వేసే పువ్వును పిల్లలు మొక్కను చూసి నేర్చుకోలేదు మరి. గోడకు వేలాడే చార్టును చూసి నేర్చుకున్నారు.

తప్పు టీచర్లదని కూడా అనలేం. ఒకరిద్దరు టీచర్లతో నడిచే ఊరి బడిలో డ్రాయింగుకు వేరే మాస్టారు ఉండరు. లెక్కలు చెప్పే ఆవిడే బొమ్మలూ చెప్పాలి. సిలబస్ వెనకబడితే మొదట ఎగిరిపోయేది ఆ పీరియడే. కళలు చదువులో భాగం కావాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అంది. పాఠాలను కళతో కలిపి బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం అంది. అంతకు చాలా ముందే, శాంతినికేతన్‌లో చదువుకున్న దేవీప్రసాద్ 1940లలో గాంధీజీ సేవాగ్రామ్‌కు వెళ్లి అక్కడి పిల్లలకు చిత్రకళ నేర్పారు. పిల్లల బొమ్మను పెద్దల బొమ్మకు వచ్చీరాని నకలుగా చూడకూడదన్న ఆ మాట విధానపత్రాల్లోకి ఎక్కడానికి ఇంత కాలం పట్టింది. తరగతి గదుల్లోకి దిగడానికి ఇంకెంత పడుతుందో!

వరంగల్ వైపు పత్తి పండే ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒక టీచరమ్మ ఏ విధానమూ చదవకుండానే ఓ పని చేసింది. పువ్వుల రోజున పిల్లల పెన్సిళ్లు తీసుకుని డబ్బాలో పెట్టేసింది. పెన్సిల్ చేతిలో ఉంటే వేళ్లు వాటంతటవే చార్టు పువ్వును గీసేస్తాయని ఆమె కనిపెట్టింది. వాటికి బదులు మధ్యాహ్న భోజనానికి తెచ్చిన కూరల్లోంచి ముదిరిన బెండకాయలు నాలుగు తీసి అడ్డంగా కోసింది.

బెండకాయ ముక్కను రంగులో ముంచి కాగితం మీద అద్దితే ఐదు గదుల పువ్వు పడుతుంది. రంగులకు ఖర్చేమీ లేదు. పసుపు నీళ్లు ఒకటి, బట్టల నీలిమందు ఒకటి. ఇక ఎరుపు కావాలంటే పసుపులో కాస్త సున్నం కలిపితే పారాణి. సున్నం మాత్రం టీచరమ్మే కలిపింది, పిల్లల చేతికివ్వలేదు. ఒక్క నిమిషంలో ఒక్కొక్కరి కాగితం నిండా పూలు. మెచ్చుకోవలసింది ఆ వేగాన్ని కాదు. మూడో తరగతి పిల్లాడొకడు ముక్కను తిప్పి తిప్పి చూసి, తన దానికి ఆరు గదులున్నాయని అరిచాడు. అందరూ ఎవరి ముక్కను వాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అప్పటిదాకా కూరలో ఏరి పక్కన పెట్టిన బెండకాయను వాళ్లు తొలిసారి చూస్తున్నారు.

రకరకాల వస్తువులతో పువ్వు చేయించడంలో ఉన్న మేలు అదే. పెన్సిల్ చెప్పినట్టు వింటుంది. వస్తువు వినదు. ముడతల కాగితం ఒక దిక్కుకే సాగుతుంది. అడ్డదిడ్డంగా కత్తిరిస్తే రేకును ఎంత నొక్కినా దోసిలిలా వంగదు. తుమ్మజిగురు పలచనైతే ఎండుటాకు నిలవదు, ఉడికించిన మైదా ఎక్కువైతే పల్చని కాగితం నానిపోతుంది. ఆరేళ్ల పిల్లలకు కత్తెర సరిగా లొంగదు, అందుకని వాళ్లు కాగితాన్ని చింపాలి. చింపిన అంచుకు కత్తిరించిన అంచుకు లేని నూగు ఉంటుంది. బంతిపువ్వుకు అదే బాగుంటుంది. మందార రేకును కాగితం మీద రుద్దితే ఊదారంగు వస్తుంది. దాని మీద నిమ్మరసం చుక్క పడితే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఏ వస్తువుకు ఆ వస్తువు తన షరతు పెడుతుంది. ఆ షరతుకు జవాబు వెతకడానికి పిల్లలు మళ్లీ పువ్వు దగ్గరకే వెళ్లాలి.

పట్నంలో ఇదే పనికి ప్రాజెక్టు అని పేరు. సాయంత్రం స్టేషనరీ దుకాణంలో థర్మకోల్ అట్ట, మెరుపుల పొడి, తయారుగా కట్టిన శాటిన్ గులాబీలు కొంటారు. రాత్రి పదకొండింటికి అమ్మ అంటిస్తుంది, పిల్ల నిద్రపోతుంది. పొద్దున ఆ పిల్ల పేరుతో అది బడిలో ప్రదర్శనకెళ్తుంది. బహుమతీ వస్తుంది, ఎందుకంటే నీటుగా ఉంటుంది కదా. నీటుగా ఉండటం అనే ఈ ఒక్క మాట ప్రాథమిక తరగతుల్లో ఎంత కళను మింగేసిందో లెక్కలేదు.

ఆ టీచరమ్మ కూడా పట్నం మనిషే. ఒక వారం ఇంటి నుంచి తలా గుప్పెడు దూది తెమ్మని, పత్తి పువ్వు చేయమంది. అందరూ తెల్లటి ఉండలు అంటించారు. ఒక పాప మాత్రం సగం దూదిని బీట్‌రూట్ నీళ్లలో ముంచింది.

‘‘పత్తి తెల్లగుంటది కదే, ఎర్ర రంగెందుకు పెట్టినవ్?’’ అందామె.

‘‘తెల్లగుండేది పత్తి టీచర్. ఇది పత్తి పువ్వు. పూసిన్నాడు తెల్లగుంటది, రేపటికల్ల గులాబి రంగైతది’’ అంది పాప.

అంతేకాదు, తెల్లగా ఉన్నవి ఈరోజువి, ఎర్రబడ్డవి నిన్నటివి అని వేలు పెట్టి చూపింది. చేన్లో పనికెళ్లే తల్లి వెంట తిరిగిన పిల్లకు తెలిసిన సంగతి అది. కాయ పగిలి దూది రావడం చాలా రోజుల తర్వాతి మాట. బీఈడీ చదివిన టీచరుకు, చుట్టూ పత్తి చేలే ఉన్నా, అది తెలియదు. ఆ పాపకు లెక్కల్లో ఎప్పుడూ తక్కువ మార్కులే. ఆ రోజు తరగతి మొత్తం ఆమె చుట్టూ చేరింది. పత్తి, బెండ, మందారం, గోంగూర ఒకే కుటుంబం మొక్కలని టీచరమ్మ తర్వాత పుస్తకం చూసి చెప్పింది. అయితే ఆ వరసను పిల్లలు అంతకుముందే సగం పట్టేశారు. నాలుగు పూలూ పక్కపక్కన పెడితే తోబుట్టువుల్లా ఉంటాయి.

తెలంగాణ బడికి మరో వరం బతుకమ్మ. 2014 నుంచి అది రాష్ట్ర పండుగ. దసరా సెలవులకు ముందు చాలా బడుల్లో బతుకమ్మ పేరుస్తారు. పేర్చేది టీచర్లు, ఫొటోలో నిలబడేది పిల్లలు. ఈ బడిలో ఐదో తరగతికే వదిలేశారు. మొదటిది మూడు వరసలు లేవగానే కూలింది. నడుమ ఆకులు కుక్కి నింపకపోతే తంగేడు వరస నిలవదని అప్పుడు అర్థమైంది. గునుగు కట్టల కొసలు రంగులో ముంచాక ఆరబెట్టాలి, లేకపోతే పక్క వరసకు రంగంటుతుంది. తంగేడు వాడిపోతుంది, గునుగు మాత్రం ఎండినా రోజుల తరబడి ఆకారం చెడదు. రెండోసారి పేర్చింది కాస్త ఒరిగింది. ఒరిగినదాని చుట్టూనే ఆడారు.

ఇక మిగిలింది ఐదు రేకుల చిక్కు. కాగితాన్ని మడిచి కత్తిరిస్తే రెండు, నాలుగు, ఎనిమిది రేకులే వస్తాయి. తంగేడు, మందారం, గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు చూడబోతే అన్నిటికీ ఐదేసి. సగానికి సగం ఎన్నిసార్లు మడిచినా ఐదు రాదు. టీచరమ్మకూ ఆ మడత తెలియదు. ఆ మాట పిల్లలతోనే అంది. రెండు రోజులు కాగితాలు వృథా అయ్యాయి. మూడో రోజు నాలుగో తరగతి పిల్లాడొకడు ఎనిమిది రేకుల పువ్వులోంచి రెండు రేకులు నడిమి దాకా కోసి పారేశాడు. మిగిలిన ఆరింటిలో చివరిదాన్ని మొదటిదాని కిందికి లాగి అంటించాడు. పైకి ఐదు రేకులే మిగిలాయి. చదునుగా ఉన్న కాగితం గరాటులా లోపలికి వంగి కూర్చుంది. వాడికి కావలసింది మందారం. వచ్చింది పచ్చగన్నేరులా ఉంది. పసుపు నీళ్లు ఎక్కడున్నాయని వెతుక్కుంటూ వెళ్లాడు.