బల్లమీది జీవనక్రీడ

గత వేసవి సెలవులకు ముందు, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు విజయనగరమునకు వచ్చి నాకొక చిన్న పెట్టె నిచ్చెను. అరచేతియంత పలక, దానిలో వరుసకు పదహారు చొప్పున 256 చిన్న దీపములు. మీట నొక్కినచో కొన్ని వెలుగును, కొన్ని ఆరును. "మాస్టారూ, మీ బల్లమీద ఉంచుకొనండి" అనెను. నలువది దాటిన నాకు ఆటవస్తువేల యని నవ్వి, కలముల డబ్బా ప్రక్కను పడవైచితిని.

కాని దాని సూత్రము తెలిసిన పిమ్మట చూపు మరల్పలేకపోతిని. అది జాన్ కాన్వే అను ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు కల్పించిన జీవనక్రీడ. 1970 అక్టోబరులో మార్టిన్ గార్డ్నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వ్రాయుటతో లోకమునకు తెలిసెను. ఇందు ఆడువారుండరు, మొదటి అమరిక నిచ్చి చూచుచుండుటయే. ప్రతి గడికిని చుట్టు ఎనిమిది పొరుగు గడులు. వెలుగుచున్న గడికి వెలిగెడి పొరుగులు రెండో మూడో ఉన్నచో అది నిలుచును. ఒకటే యున్నను, అసలు లేకున్నను ఒంటరితనముచే ఆరును. నాలుగుగాని అంతకెక్కువగాని యున్నచో ఇరుకుచే ఆరును. ఆరిన గడిచుట్టు సరిగా మూడున్నచో అందు క్రొత్తది పుట్టును.

దీనికి యంత్రమే అక్కరలేదు. కాన్వేయు మొదట బిళ్లలతోనే ఆడెను. మేము తొమ్మిదవ తరగతి వరండాలో సుద్దతో గడులు గీసి, వామనగుంటల చింతపిక్కలు పేర్చితిమి. మూడు పిక్కలు వరుసగా నుంచిన అడ్డము నిలువగును, మరల అడ్డమగును. ఐదు పిక్కల అమరిక యొకటి నాలుగు తరములకు ఒక గడి చొప్పున మూలగా సాగిపోవును. అన్ని గడులును లెక్కించినగాని ఒక్క పిక్కయు తీయరాదు. తొందరపడి తీసి ఆట చెడగొట్టినవాడను నేనే.

అప్పుడొక బాలిక, "మాస్టారూ, ఒంటరి పిక్క ప్రక్కగడికి పోకూడదా?" అని అడిగెను. పోకూడదంటిని. "ఆ ఐదు పిక్కలు పోవుచున్నవి కదండీ?" అనెను. అవి పోవుట లేదు. వెనుక ఆరి ముందు పుట్టుచున్నవి, ఏ పిక్కయు తన చోటు విడువదు అని చెప్పుచుండగనే మా అమ్మ జ్ఞప్తికి వచ్చెను. శ్రీకాకుళము దాపున, నాగావళి యొడ్డున, మా పల్లెయింట ఆమె యొక్కతె. ప్రక్కయింటి అవ్వయు ఆ యేడే కొడుకు వెంట విశాఖపట్నము వెడలిపోయెను. మా యింటికి రమ్మన్న అమ్మ రాదు. నేను వెళ్లి మూడు నెలలు; దిద్దవలసిన పరీక్షపత్రములున్నవని నాకు నేనే చెప్పుకొనుచుంటిని.

ఆ శనివారము పెట్టెను సంచిలో వేసికొని బస్సెక్కితిని. రాత్రి భోజనమైన పిమ్మట అరుగుమీద నుంచి మీట నొక్కితిని. అమ్మ చాలసేపు చూచినది.

"ఏటిరా నాయనా, మన ఈదిలాగే ఉంది. ఒకలెనక ఒకలు ఎల్లిపోనారు."

నేను సూత్రము వివరింపబోతిని, ఆమె వినలేదు. ఒక మూలను నాలుగు దీపములు చదరముగా నిలిచిపోయియుండెను.

"ఇయ్యి కదలవేటి?"

"ఒకదానికొకటి పొరుగమ్మా. ఒక్కొక్కదానికి మూడేసి."

"అయితే రేపు ఎల్లకు. సోమవారం తొలి బస్సుకి ఎల్దువుగాని."

పెట్టె ఇప్పుడు అమ్మ గూటిలోనున్నది. ప్రతి రెండవ శనివారమును దాని బ్యాటరీలు మార్చుటకు వెళ్లుచున్నాను. అవి అంత త్వరగా అయిపోవని ఆమెకును తెలియును.