రాళ్ళ నడుమ ఖాళీ

ఇంట్లో ఒక చిన్న సముద్రాన్ని నిలుపుకోవాలని సంకల్పించిన మనిషికి మొదట ఎదురయ్యే సమస్య రాళ్ళది. చేపలను ఎవరైనా కొని తేగలరు. పగడపు జీవులు బ్రతకవలసిన ఉప్పునీటి తొట్టెలో రాళ్ళను ఎలా అమర్చాలన్నది మాత్రం డబ్బుతో తీరే ప్రశ్న కాదు. గాజు తొట్టె బల్ల మీదికి ఎక్కుతుంది. లీటరుకు 35 గ్రాముల చొప్పున లవణాలు కలిపిన నీరు సిద్ధమవుతుంది. నేల మీద పాత వార్తాపత్రికలు పరచి, వాటి మీద రాళ్ళు పోసుకుని, ఆ గృహస్థు గంటల తరబడి కూర్చుంటాడు. ఒక రాయి ఎత్తుతాడు, తిప్పి చూస్తాడు, తిరిగి దించుతాడు. ఇదంతా చూస్తున్న తల్లికి నవ్వు వస్తుంది. "బొమ్మల కొలువు పెట్టినట్టు రాళ్ళకు కొలువు పెడుతున్నావేమిట్రా!" అంటుంది.

ఆమె మాటలో సగం నిజమున్నది. కొలువులో మెట్లుంటాయి, ఎత్తుపల్లాలుంటాయి, దేని పక్కన ఏది ఉండాలన్న విచక్షణ ఉంటుంది. అయితే కొలువులో ప్రతి బొమ్మా చూపరుల వైపే తిరిగి ఉంటుంది. వెనుక ఏమున్నదో ఎవరూ అడగరు. తొట్టెలో రాతి అమరికకు ఆ వెనుకభాగమే ప్రాణం. అక్కడ కంటి కొరకు కట్టేది కొంతే. నీటి కొరకు, నీడ కొరకు, ఇంకా రాని జీవుల కొరకు కట్టేది చాలా ఎక్కువ.

పగడమనగానే తెలుగువారికి ఉంగరంలోని ఎర్రని పూస గుర్తుకు వస్తుంది. ఆభరణాలకు పేరుపొందిన ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో పెరిగే వేరొక జాతి. భూగోళ పుస్తకాలలో ప్రవాళ భిత్తికలనే పేరుతో కనిపించే దిబ్బలను కట్టేవి వెచ్చని, నిర్మలమైన, వెలుతురు చొచ్చే నీటిలో బ్రతికే సూక్ష్మ శిల్పులు. వాటి శరీరంలో కంటికి కనబడని నాచుకణాలు కాపురముంటాయి. సూర్యరశ్మితో ఆ కణాలు ఆహారం తయారుచేస్తాయి. ఆ ఆహారంలో అధికభాగం పగడానికి చెందుతుంది. పగడం తన కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతుంది. తరతరాల గూళ్ళే రాయి అవుతాయి. సముద్రపు అడుగున నూటికి ఒక వంతైనా లేని ఈ దిబ్బలను సముద్రజీవుల జాతులలో సుమారు నాలుగవ వంతు ఆశ్రయించుకుని ఉన్నాయి.

ఆ రాతికి విలువ కట్టడం మనుషులు ఆలస్యంగా నేర్చుకున్నారు. ఒకప్పుడు ఉప్పునీటి తొట్టెలలో ఉంచేవి పగడాల తెల్లని అస్థిపంజరాలు మాత్రమే. వాటి మీద నాచు పట్టగానే బయటికి తీసి, క్లోరిన్ నీటిలో నానబెట్టి, తోమి, మళ్ళీ పెట్టేవారు. 1961లో జకార్తా వాసి లీ చిన్ ఎంగ్ 'ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్' అనే అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. సముద్రంలోని రాళ్ళను, వాటిని అంటిపెట్టుకున్న ప్రాణులతో సహా తొట్టెలో ఉంచి, కొద్దిపాటి గాలి బుడగలు పంపి, వెలుతురు సోకనిస్తే నీరు తనంతట తానే శుభ్రపడుతుందన్నది ఆయన అనుభవసారం. తరువాతి దశాబ్దాలలో బెర్లిన్ నగరపు ఔత్సాహికులు దీనికి బలమైన దీపాలను, నీటిలోని మాలిన్యాన్ని నురుగు రూపంలో తీసివేసే యంత్రాన్ని జతచేశారు. నేడు ఇంటింటి పగడపు తొట్టెలకు ఆధారం ఆ 'బెర్లిన్ పద్ధతి'యే.

ఇందులోని మర్మం రాతి లోపల ఉన్నది. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. రాతి పైభాగాన, ప్రాణవాయువు అందే చోట, ఒక తెగ బాక్టీరియా దానిని నైట్రైట్‌గాను, మరొక తెగ నైట్రేట్‌గాను మారుస్తాయి. రాతి లోతులలో, ప్రాణవాయువు చొరని సన్నని రంధ్రాలలో, మరికొన్ని తెగలు ఆ నైట్రేట్‌ను విడగొట్టి నత్రజని వాయువుగా వదిలివేస్తాయి. అది నీటి నుంచి గాలిలో కలిసిపోతుంది. మనిషి ఒంటికి మూత్రపిండాలు ఎటువంటివో తొట్టెకు రాయి అటువంటిదన్నమాట. కాని ఈ సేవ జరగాలంటే నీరు రాతిని నలుదిక్కులా తాకుతూ పోవాలి. రాళ్ళను గుట్టగా పోస్తే వాటి అడుగున నీరు కదలదు. మురికి చేరి కుళ్ళుతుంది. శుద్ధి చేయవలసిన రాయే విషానికి నెలవవుతుంది.

పూర్వపు మార్గదర్శక గ్రంథాలు లీటరు నీటికి సుమారు 120 నుంచి 240 గ్రాముల రాయి కావాలని చెప్పేవి. ఆ లెక్కన తొట్టె వెనుక గోడ పొడుగునా రాళ్ళు పేర్చి, ప్రహరీ వలె పైదాకా లేపేవారు. చూపుకు నిండుగా ఉండేది. ఇటీవలి వారు అంతకంటె తక్కువ రాయితో, ఎక్కువ సందులతో, రెండు మూడు విడి దిబ్బలుగా కట్టడానికి మొగ్గు చూపుతున్నారు. తేలికగా, బోలుగా ఉన్న రాయి తూకానికి తక్కువైనా పనికి ఎక్కువ.

కట్టడంలో మొదటి సూత్రం వంటింటి పొయ్యి నేర్పినదే. రెండు రాళ్ళ మీద కుండ నిలవదు. మూడు రాళ్ళ మీద కదలదు. పై రాయి కింది రాళ్ళ మీద మూడు చోట్ల ఆనాలి. వేలితో తోస్తే ఊగే రాయి నేడు కాకపోతే రేపు పడుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతకు కాస్త మించిన ఎత్తు గల తొట్టెలో దాదాపు 270 లీటర్ల నీరు పడుతుంది. ఒక్క రాయి జారి గాజు పగిలితే ఆ ఉప్పునీరంతా ఇంటి నేల మీదనే. అందుచేత అనుభవజ్ఞులు కీళ్ళను సిమెంటుతోనో, నీటిలో గట్టిపడే ఎపాక్సీ ముద్దతోనో బిగిస్తారు.

రెండవ సూత్రం: ముందు రాయి, తరువాత ఇసుక. ఇసుక మీద రాయి నిలబెట్టడం నది ఒడ్డున పునాది లేని గోడ కట్టడమే. తొట్టెలో తవ్వకమే వృత్తిగా గల జీవులుంటాయి. చూపు మందగించిన ఒక జాతి రొయ్య రోజంతా బొరియ తవ్వుతూనే ఉంటుంది. గోబీ అనే చిన్న చేప గుమ్మంలో కావలి కాస్తుంది. రొయ్య తన మీసాన్ని చేప ఒంటికి ఆనించి బయటికి వస్తుంది. చేప తోక ఆడించగానే ఇద్దరూ లోపలికి. ఎంతో ముచ్చటైన ఈ స్నేహం ఇసుక మీద నిలిపిన రాతిని కూల్చగలదు.

మిగిలిన సూత్రాలన్నీ ఖాళీకి సంబంధించినవి. రాతికీ గాజుకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంచాలి. నీరు తిరగడానికీ, నాచు గీకే చేయి దూరడానికీ అది అవసరం. రాళ్ళ నడుమ గుహలుండాలి. ప్రతి గుహకూ రెండు వాకిళ్ళుండాలి. ఒకే వాకిలి ఉన్న గుహలో తరుముకు వచ్చిన పెద్ద చేపకు చిన్న చేప చిక్కిపోతుంది. దాక్కునే చోట్లు ఎక్కువైతే చేపలు కనబడవని కొత్తవారు భయపడతారు. జరిగేది అందుకు విరుద్ధం. తలదాచుకునే చోటు దగ్గరలో ఉన్నదని తెలిసిన చేపే ధైర్యంగా బయట తిరుగుతుంది.

వెలుతురు విషయమూ అంతే. మండువా లోగిలి కట్టిన పాతకాలపు మేస్త్రీకి ఇది చెప్పనక్కరలేదు: నడుమ ఎండ, చుట్టూ వసారా నీడ, వెనుక గదిలో చల్లని చీకటి. తొట్టెలో పై అరుగు మీద ఎండను కోరే పగడాలు, దాని నీడలో మెత్తని జాతులు, అడుగున చీకటిలో స్పంజికలు కుదురుకుంటాయి. పగడానికీ పగడానికీ మధ్య కనీసం జానెడు ఎడముండాలి. పగలు పువ్వుల వలె కనిపించే వీటిలో కొన్ని, రాత్రివేళ పొడవైన తంతువులు చాచి పొరుగువారిని కుట్టి చంపుతాయి. నేడు బొటనవేలంత ఉన్న మొక్క కొన్నేళ్ళకు గంపంత కావచ్చు. అందుచేత అమర్చిన రోజున బోసిగా కనిపించిన తొట్టెయే తరువాత బాగుంటుంది. ఈ బోసితనాన్ని ఓర్చుకోవడం చాలామందికి కష్టం.

ఇక అన్నిటికంటె బరువైన ప్రశ్న మరొకటున్నది. ఈ రాయి ఎక్కడిది?

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఇదే ప్రశ్న ఒక ఇంట్లో తండ్రీకొడుకుల గ్రంథాలలోకి ఎక్కింది. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854లో ప్రచురించిన 'ది అక్వేరియం' ఆ దేశంలో ఇంటింటా తొట్టెలు పెట్టే మోజును రేపింది. జనం బుట్టలతో, ఉలులతో సముద్రతీరాలకు తరలారు. ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువరించిన 'ఫాదర్ అండ్ సన్' అనే స్వీయచరిత్రలో, తాను బాల్యంలో చూచిన ఆ రాతి మడుగుల సౌందర్యం సేకరించేవారి చేతులలో నాశనమైపోయిందని దుఃఖించాడు. సృష్టిని ప్రేమించమని తండ్రి వ్రాసిన పుస్తకాలే ఆ నాశనానికి దారి చూపాయన్నది ఆ కుమారుని వేదన.

మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా నాలుగు చోట్లనే ఉన్నాయి: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ మరియు పాక్ అఖాతం, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు. గోదావరీ కృష్ణలు తెచ్చే మంచినీరు, ఒండ్రు కలిసే తెలుగు తీరంలో అటువంటి దిబ్బలు ఏర్పడలేదు. మన్నార్‌లో దశాబ్దాల పాటు సున్నం కొరకు, కట్టడాల కొరకు పగడాలను తవ్వి తీశారు. అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగిపోయాయి. అలల బలాన్ని విరిచే దిబ్బ పోయిన తరువాత దీవి నిలవడం కష్టం. 1986లో ఆ ప్రాంతం సముద్ర జాతీయోద్యానమయింది. 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. కాబట్టి భారత సముద్రం నుంచి పగడపు రాతిని తొలిచి తెచ్చి తొట్టెలో పెట్టుకోవడం, పులిని పట్టి తెచ్చి పెరటిలో కట్టుకోవడం వంటి నేరమే.

దీనికి మార్గం లేకపోలేదు. సముద్రం వెనుకకు తగ్గిన నేలలలో దొరికే ప్రాచీన కాలపు ఎండు రాయి, సిమెంటుతోనో మట్టితోనో చేసిన కృత్రిమ శిల ఈ పనికి చక్కగా ఉపయోగపడతాయి. సిమెంటు రాయిని వారాల తరబడి నీరు మారుస్తూ నానబెట్టి, సున్నపు ఘాటు పోగొట్టాలి. ఆపైన బాక్టీరియా కుదురుకోవడానికి మరి కొన్ని వారాలు. తొట్టె మొదట గోధుమరంగు పొరతో, తరువాత పచ్చని నాచుతో విసుగు పుట్టిస్తుంది. నెలలు గడిచాక ఒక రోజున రాతి అంచున గులాబి రంగు చుక్క కనిపిస్తుంది. అది సున్నపు నాచు. చచ్చిన రాయికి ప్రాణం వచ్చిందనడానికి అదే గుర్తు.

ఇదే పాఠాన్ని మన్నార్‌లో పెద్ద ఎత్తున అమలు జరిపారు. తూత్తుకుడి సమీపాన కరిగిపోతున్న వాన్ దీవి ముందు, 2015 నుంచి రంధ్రాలు గల కాంక్రీటు దిమ్మెలను నీటిలోకి దించారు. గోడ వలె అడ్డుకొనకుండా, రంధ్రాల గుండా నీటిని పోనిస్తూనే అవి అలల వేగాన్ని తగ్గిస్తాయి. ఆ సందులలో చేపలు చేరాయి, దీవికి ఇసుక తిరిగి చేరడం మొదలయింది. అక్కడి ఇంజనీర్లూ, ఇంట్లో తొట్టె ముందు కూర్చున్న గృహస్థూ తేల్చుకోవలసినది ఒకటే: రాతిని ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు.

ఇంటి తొట్టె సముద్రాన్ని కాపాడుతుందని చెప్పుకోవడం అతిశయోక్తి. లక్షద్వీపాల పగడాలు 1998లో, 2010లో, 2016లో, 2024లో సముద్రపు వేడికి తెల్లబోయాయి. ఆ వేడిని ఏ గాజు తొట్టే తగ్గించలేదు. కాని నీరు రెండు డిగ్రీలు వేడెక్కితే ఏమవుతుందో తన కళ్ళ ఎదుట చూచిన మనిషికి, వార్తాపత్రికలో ఆ కబురు వట్టి అంకెగా కనిపించదు. చేతితో రాయి పేర్చినవాడికి, ఒక దిబ్బ ఎన్ని వేల ఏళ్ళ పేర్పో కొంతవరకు తెలుస్తుంది.

ఐదారు సంవత్సరాలు గడిచిన తొట్టెలో రాళ్ళు కనబడవు. వాటిని పగడాలు, స్పంజికలు, సున్నపు నాచు కప్పివేస్తాయి. చూడవచ్చినవారు రంగులనూ చేపలనూ మెచ్చుకుని వెళతారు. అప్పుడెప్పుడో విడిచిపెట్టిన సందులలో పగడాలు ఒకదానినొకటి తాకకుండా నిండుగా విచ్చుకుని ఉంటాయి.