మోటారుకి చెమట పట్టదు

మా ఇల్లు ఆదిత్యపూర్‌లో. ఖర్కాయీ నదికి ఇవతలి ఒడ్డు మాది, అవతలి ఒడ్డు జంషెడ్‌పూర్. అటు పెద్ద ఉక్కు కర్మాగారం, ఇటు విడిభాగాలు చేసే చిన్న చిన్న కార్ఖానాలు. మా తాతయ్య కుర్రతనంలోనే శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడికొచ్చి, కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే పని నేర్చుకున్నారు. ఇప్పటికీ అదే పని. మేమిద్దరం అన్నాచెల్లెళ్ళం. బడి అయ్యాక ఆ దుకాణంలోనే కూర్చుని హోంవర్కు చేసుకుంటాం, అందుకని మా పుస్తకాలన్నీ వార్నిష్ వాసనేస్తాయి.

మా విద్యాలయం టింకరింగ్ ల్యాబ్‌లో ఒక రిమోట్ కారు ఉంది. అసలు కారులో పదో వంతు సైజు, 7.2 వోల్టుల బ్యాటరీ, 540 అనే రకం మోటారు. ఆ మోటారు మన బొటనవేలికి రెండింతలు లావుంటుంది, వ్యాసం సుమారు 36 మిల్లీమీటర్లు. ఏప్రిల్‌లో బడుల మధ్య పోటీ. కారు ఎనిమిది నిమిషాలు ఆగకుండా తిరగాలి. మాది ఐదో నిమిషానికల్లా నీరసపడిపోయేది. మోటారు మీద చెయ్యి ఆనేది కాదు. అది కాలిపోతే ఈ ఏడాదికి ఇంకోటి కొనడానికి డబ్బు లేదని సార్ ముందే చెప్పేశారు. జట్టులో ఆరుగురం, ఉన్నది ఒక్క మోటారు.

అందరూ ముందు ఫ్యాన్ కొనాలన్నారు. మేము మోటారు తీసుకెళ్ళి తాతయ్యకి చూపించాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గాలి సంగతి తరవాత. ముందు ఏడి ఎక్కడ పుడతందో సూడండి" అన్నారు.

వేడి పుట్టేది రాగితీగలో. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఇది మా పదో తరగతి అన్నయ్యల పుస్తకంలో ఉంది, జూల్ నియమం. పుస్తకంలో లేనిది ఇంకోటుంది. రాగి వేడెక్కేకొద్దీ దాని నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర మొదలైన తీగ 100కి చేరేసరికి నిరోధం దాదాపు 30 శాతం ఎక్కువ. అప్పుడు అదే కరెంటుకి ఇంకా ఎక్కువ వేడి. మరోపక్క లోపలి ఫెర్రైట్ అయస్కాంతాలు వేడికి బలం తగ్గుతాయి. అవి బలహీనపడితే అదే లాగుడికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుంది. అప్పుచేసి వడ్డీ కట్టడం లాంటి వ్యవహారం. ఐదో నిమిషంలో మా కారుకి జరిగేది అదే.

పైగా మాది బ్రష్షుల మోటారు. ఇందులో తీగ చుట్టిన భాగమే లోపల తిరుగుతుంది, అయస్కాంతాలు డబ్బాకి అంటుకుని బయట ఉంటాయి. తీగలో పుట్టిన వేడి మధ్యనున్న గాలి సందు దాటితే గాని డబ్బాకి రాదు. ఖరీదైన బ్రష్‌లెస్ మోటారులో దీనికి తలకిందులు: తీగ బయటి డబ్బాని అంటుకుని కదలకుండా ఉంటుంది, అయస్కాంతం లోపల తిరుగుతుంది. కాబట్టి రెక్కల అల్యూమినియం హీట్‌సింక్ దానికి బాగా పనిచేస్తుంది. మా దానికి తొడిగినా కొంతే లాభం.

వేడి కొలవడం దగ్గర పెద్ద గొడవే అయింది. కరోనా నాటి నుదుటి థర్మామీటరు పనికిరాదు, అది మనిషి జ్వరం దాటి చూపించదు. దుకాణంలో పిస్తోలు లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంది. మోటారు మీదకి గురిపెడితే 44 అంది. తాతయ్య వేలు పెట్టి వెంటనే తీసేశారు. "నలభై నాలుగేటి? నా యేలు అబద్ధమాడతందా?" అని నవ్వారు. అబద్ధమాడింది థర్మామీటరే. మెరిసే లోహం నుంచి పరారుణ కిరణాలు చాలా తక్కువగా వెలువడతాయి, అందుకని యంత్రం తక్కువ చూపిస్తుంది. డబ్బా మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది వేడెక్కాక మళ్ళీ చూస్తే 76! అప్పటినుంచి ఆ టేపు ముక్క అక్కడే ఉంది. ఇంకో సంగతీ తెలిసింది. కారు ఆపాక కూడా డబ్బా వేడి ఒకటి రెండు నిమిషాలు పెరుగుతూనే ఉంటుంది, లోపలి తీగ వేడి అప్పటికి బయటికొస్తుంది. ఆగిన వెంటనే కొలిచి సంతోషపడితే లాభం లేదు.

ఇక మందు. మొదటిది ఫ్యాన్ కాదు, పళ్ళచక్రం. మోటారు ఇరుసు మీది చిన్న చక్రాన్ని పినియన్ అంటారు. 20 పళ్ళది తీసి 17 పళ్ళది వేశాం. గరిష్ఠ వేగం 15 శాతం తగ్గింది. కాని కారుని అదే బలంతో లాగడానికి మోటారు మీద పడే భారం కూడా 15 శాతం తగ్గింది, వేడి వర్గం ప్రకారం పోతుంది కాబట్టి నాలుగో వంతుకు పైగా తగ్గాలి. జట్టులో సగం మందికి ఇది నచ్చలేదు. వేగం తగ్గించుకుని పందానికెళ్ళడమేమిటని రెండు రోజులు మాతో మాట్లాడలేదు. చివరికి రెండు చక్రాలూ వేసి, ఎనిమిది నిమిషాల్లో ఎన్ని చుట్లు వస్తాయో మైదానంలో లెక్కపెట్టాం. 20 పళ్ళతో 41, 17 పళ్ళతో 46. తరువాత అందరూ మాట్లాడారు.

ఆ తరువాతే గాలి. మా మోటారు డబ్బాకి రెండు చివర్లా సందులున్నాయి. డబ్బా మీద ఊదడం కన్నా ఆ సందుల్లోంచి గాలి పోనిస్తే నేరుగా తీగకే తగులుతుంది. పాత కంప్యూటరు నుంచి తీసిన చిన్న ఫ్యాన్ పెట్టాం, రిసీవరు నుంచే కరెంటు. అయితే ఆదిత్యపూర్‌లో గాలంటే వట్టి గాలి కాదు. రోడ్డు పక్క దుమ్ములో అయస్కాంతం తిప్పితే గడ్డం మొలుస్తుంది, అంత ఇనపరజను. మోటారులో ఉన్నది అయస్కాంతమే కదా, నేలమీది గాలి లోపలికి పంపితే రజనంతా వెళ్ళి అక్కడే అంటుకుంటుంది. అందుకని కారు పైకప్పు వెనక ఎత్తులో కిటికీ కోసి, అమ్మ పాత నైలాన్ చీర ముక్క రెండు మడతలు వేసి కట్టాం. వేడి గాలి బయటికి పోవడానికి వెనక ఇంకా పెద్ద కంత. చాలామంది లోపలికి దారి చేస్తారు గాని బయటికి దారి మరిచిపోతారు.

ఇవన్నీ మేము కనిపెట్టినవి కావు. దుకాణానికొచ్చే పెద్ద మోటార్లన్నిటికీ వెనక మూతకింద ఫ్యాను, ఒంటినిండా రెక్కలు ఉంటాయి. టాటానగర్ స్టేషన్లో ఆగి ఉన్న విద్యుత్ రైలింజను కూడా హోరుమంటూనే ఉంటుంది. ట్రాక్షన్ మోటార్లకి గాలి కొట్టే బ్లోయర్లవి ఆ చప్పుళ్ళు. మా వీధి చివరి ఫౌండ్రీలో ఇండక్షన్ కొలిమికి రాగితీగ బదులు రాగిగొట్టం చుట్టి, దానిలో నీళ్ళు పారిస్తారు. లోపల ఇనుము కరుగుతున్నా గొట్టం కరగదు.

పోటీ రోజు మధ్యాహ్నం 40 డిగ్రీలు. జనవరిలో 25 డిగ్రీల ఎండలో పరీక్షించిన మోటారు ఏప్రిల్‌లో ఇంకో 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, ఎందుకంటే ఫ్యాన్ ఇచ్చేది బయటి గాలే, చల్లగాలి కాదు. అందుకని మా వంతు వచ్చేదాకా కారుని నీడలో, తడి గోనెసంచి పక్కన ఉంచాం. ఎనిమిది నిమిషాలూ తిరిగింది. మా ముందున్న రెండు కార్లు ఆరో నిమిషంలో ఆగిపోయాయి, ఒకదానిలోంచి పొగ వచ్చింది. మాకు మూడో స్థానం. టేపు ముక్క మీద 68.

తాతయ్య దుకాణంలో ఒకప్పుడు ముగ్గురు పనివాళ్ళుండేవారట. ఇప్పుడు చిన్న మోటారు కాలిపోతే పారేసి కొత్తది కొంటున్నారు. వచ్చే సంక్రాంతికి మూసేసి ఊరెళ్ళిపోతానంటున్నారు. ఆలోపు మాకు తీగ చుట్టడం నేర్పమన్నాం. తీగ మీది పూతకి ఓ తరగతి ఉంటుందనీ, ఎఫ్ తరగతి 155 డిగ్రీలు తట్టుకుంటుందనీ, ఎంత తట్టుకున్నా ప్రతి పది డిగ్రీల అదనపు వేడికీ దాని ఆయుష్షు సగమవుతుందనీ చెప్పారు. ఆగిపోయిన జట్లలో ఒకరిని అడిగి ఆ కాలిన మోటారు తెచ్చుకున్నాం. లోపల మూడు దంతాలే, మూడు చుట్టలు. ఎన్ని చుట్లున్నాయో లెక్కపెడుతూ విప్పాం. రెండు దంతాలకి మేము చుట్టాం, మూడోదానికి తాతయ్య చుట్టారు. మావి కొంచెం వదులుగా ఉన్నాయని ఆయన మళ్ళీ విప్పించారు. ఇవాళ సాయంత్రం రెండోసారి చుట్టాలి.