చిన్న సైన్యం చాలు

బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడకు 1913లో హెచ్.జి. వెల్స్ ఇంగ్లండులో నియమాల పుస్తకం రాశారు. అదే దేశంలో 1987లో వచ్చిన ‘వార్‌హామర్ 40,000’లో ఆ యుద్ధం సుదూర భవిష్యత్తులో, అంతరిక్ష లోకాలలో జరుగుతుంది. టేపుతో అంగుళాలు కొలిచి బొమ్మలను జరుపుతారు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేల్చుతాయి. విడిభాగాలను అతికించి, రంగులు వేసుకోవాలి. వెల ఎక్కువే.

మా అబ్బాయి అడిగినప్పుడు మేము ముందుగా అట్టముక్కలు కత్తిరించి, ఇరుపక్షాలకు ఐదుగురేసి సైనికులను చేశాము. పుస్తకాలు కొండలయ్యాయి. బల్లమీద రెండు గంటలు ఆడాము. వాడే గెలిచాడు, మరునాడు చెల్లెలికి నేర్పాడు.

తల్లిదండ్రులారా, డబ్బు తీయకముందే పిల్లలకు ఒక సాయంకాలం ఇవ్వండి. ఆట నచ్చితే, చిన్న పెట్టె ఒకటి తరువాత కొనవచ్చును.